షుగర్ తగ్గితే చాలా? గుండె లెక్క అడిగిన డాక్టర్ జోస్లిన్

గల్ఫ్ ఫ్లయిట్ ఎక్కే మనవాళ్ల బ్యాగుల్లో పచ్చడి సీసాలు, సకినాల మూటల పక్కన ఈ మధ్య ఇంకో పొట్లం కూడా కనిపిస్తోంది. అవి షుగర్ గోళీలు. ఆరు నెలలకు సరిపడా ఊళ్లోనే కొని తెచ్చుకునేవాళ్లు కొందరైతే, సెలవు మీద వెళ్లొచ్చే తోటివాళ్లతో తెప్పించుకునేవాళ్లు ఇంకొందరు. రూములో ఒకరికి షుగర్ ఉందంటే ఇప్పుడు ఎవరూ వింతగా చూడటం లేదు.

గోళీలతో పాటు ఒక భయం కూడా వెంట వస్తోంది. ఈ మందులు గుండెకు మంచివి కావట అని ఎవరో చెబుతారు. ఫోన్‌లో ఎవరో పంపిన మెసేజ్ రూమంతా తిరుగుతుంది. దాంతో గోళీలు మానేసేవాళ్లున్నారు, సగానికి విరిచి వేసుకునేవాళ్లున్నారు. ఇంకోవైపు, షుగర్ నంబరు తగ్గింది కదా, ఇక నాకేం భయం అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఇద్దరి లెక్కా తప్పే.

షుగర్ మందు షుగర్‌ను తగ్గిస్తే చాలా, గుండెను కూడా చూడాలా? ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టింది కాదు. దాదాపు వందేళ్ల కిందటే ఒక అమెరికా డాక్టరు తన పేషంట్ల లెక్కల పుస్తకం ముందేసుకుని దీని గురించి ఆలోచించారు. ఆయన పేరు ఎలియట్ ప్రాక్టర్ జోస్లిన్. షుగర్ వైద్యానికి పెద్ద దిక్కుగా ప్రపంచమంతా ఆయన్ని చెప్పుకుంటుంది. ఆయన జీవితం తెలుసుకుంటే మన చేతిలోని గోళీ సంగతీ తెలుస్తుంది.

బూట్ల ఫ్యాక్టరీ ఇంట పుట్టి...

జోస్లిన్ 1869 జూన్ 6న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రికి బూట్లు తయారు చేసే వ్యాపారం ఉండేది. కలిగిన కుటుంబమే అయినా ఇంట్లో దుబారా ఉండేది కాదు. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడం, పెందలాడే లేచి పనిలో దిగడం, దేనికైనా లెక్క రాసి పెట్టుకోవడం ఆయనకు చిన్నప్పుడే అబ్బాయి. ఈ చివరి అలవాటే తర్వాత లక్షల మందికి పనికొచ్చింది.

యేల్‌లో చదువు ముగించి, బోస్టన్‌లోని హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చేరారు. 1895లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు. విద్యార్థిగా ఉండగానే, 1893లో, ఆసుపత్రిలో షుగర్ జబ్బుతో ఉన్న ఒక యువతిని పరీక్షించారు. ఆమె వివరాలు ఒక పుస్తకంలో రాసుకున్నారు. ఆమె పేరుతో మొదలైన ఆ పద్దు తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు ఆగలేదు. వేల మంది పేషంట్ల వివరాలు అందులోకి ఎక్కాయి.

జోస్లిన్ పద్దు మామూలు ఆసుపత్రి రిజిస్టర్ లాంటిది కాదు. పేషంటు వచ్చాడు, మందు రాశాం, పోయాడు అన్నంతటితో ఆయన వదిలేవారు కాదు. ఆ మనిషి తర్వాత ఎలా ఉన్నాడు, ఎన్నేళ్లు బతికాడు, చివరికి దేనితో పోయాడు అన్నది కూడా కనుక్కుని రాసేవారు. మనిషి పోయాక కూడా ఆ లెక్క తేలేదాకా ఊరుకునేవారు కాదు. ఆ రోజుల్లో ఇంత ఓపికగా లెక్క పెట్టినవాళ్లు చాలా తక్కువ.

తల్లికే షుగర్ వస్తే...

1898లో జోస్లిన్ బోస్టన్‌లో ప్రాక్టీసు పెట్టారు. తర్వాత కొద్ది కాలానికే ఆయన కన్నతల్లి సారాకు షుగర్ జబ్బు బయటపడింది. అప్పట్లో ఆ మాట వింటేనే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. దానికి మందంటూ లేదు. ముఖ్యంగా పిల్లలకు వస్తే ఎక్కువ కాలం బతికేవారు కాదు. పెద్దవాళ్లు కొంతకాలం నెట్టుకొచ్చినా చివరికి కోమాలోకి వెళ్లి పోయేవారు.

జోస్లిన్ తల్లిని వదులుకోలేదు. ఆమె తినే ప్రతి ముద్దకూ లెక్క పెట్టారు. పిండి పదార్థాలు తగ్గించారు, నడిపించారు, క్రమం తప్పకుండా మూత్రం పరీక్ష చేశారు. ఆమె పదేళ్లకు పైగా బతికింది. ఆ కాలానికి అది చాలా పెద్ద సంగతి. పేషంటుకు జబ్బు గురించి తెలిస్తే, దాన్ని రోజూ చూసుకుంటే ఆయుష్షు పెంచుకోవచ్చన్న నమ్మకం ఆయనకు ఇంట్లోనే కుదిరింది.

ఆ తర్వాత ఫ్రెడరిక్ అలెన్ అనే మరో అమెరికన్ డాక్టరు పద్ధతి వచ్చింది. దాన్ని ఆకలి వైద్యం అనొచ్చు. ప్రాణం నిలిచేందుకు సరిపడా మాత్రమే తిండి పెట్టి, మూత్రంలో చక్కెర పోకుండా చూసేవారు. పేషంట్లు ఎముకల గూళ్లయ్యేవారు. కానీ బతికుండేవారు. జోస్లిన్ కూడా ఇదే పద్ధతి పట్టారు. అది క్రూరమైన వైద్యమే. అయితే అంతకంటే మెరుగైనది అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

1916లో ఆయన తన 1000 మంది పేషంట్ల అనుభవంతో షుగర్ వైద్యం మీద పెద్ద గ్రంథం అచ్చు వేశారు. 1918లో పేషంట్ల కోసమే ఒక చిన్న పుస్తకం రాశారు. డాక్టరు చెప్పింది చేయడమే తప్ప ప్రశ్న అడగడం తెలియని రోజులవి. అలాంటప్పుడు పేషంటే తన జబ్బుకు సగం డాక్టరు కావాలని చెప్పడం విడ్డూరమే. ఆయన నర్సులకు శిక్షణ ఇచ్చి, పేషంట్లకు పాఠాలు చెప్పించారు. తిండి ఎలా తూకం వేసుకోవాలి, పాదాలు ఎలా చూసుకోవాలి, పుండు పడితే ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉండేవి.

ఇన్సులిన్ వచ్చిన రోజులు

1921-22లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్, మెక్లియాడ్, కోలిప్ కలిసి ఇన్సులిన్‌ను తయారు చేశారు. 1922 ఆగస్టులో అది బోస్టన్‌కు వచ్చింది. జోస్లిన్ దాన్ని మొదట ఇచ్చింది ఒక నర్సుకు. ఐదేళ్లుగా ఆమె ఆకలి వైద్యం మీద ఉంది. బరువు 70 పౌండ్లకు, అంటే దాదాపు 32 కిలోలకు పడిపోయింది. ఇంట్లోంచి బయటికి రావడం మానేసి నెలలయింది. ఇన్సులిన్ మొదలైన కొద్ది వారాలకే ఆమె మైళ్ల కొద్దీ నడిచింది. జోస్లిన్ పద్దులో చావులు రాసుకున్న పేజీల పక్కన ఇలాంటి పేజీలు రావడం మొదలైంది.

సరిగ్గా ఆ సమయంలోనే, 1922 అక్టోబరులో, మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు చదువు కోసం బోస్టన్‌లో దిగారు. చేతిలో డబ్బుల్లేక రాత్రిపూట ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఓటో ఫోలిన్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. రక్తంలో చక్కెర కొలిచే పద్ధతుల్లో పేరుమోసినది ఆ ఫోలిన్‌దే. జోస్లిన్ కూడా అదే కాలంలో, అదే హార్వర్డ్‌లో ప్రొఫెసరు. కండరాలు, గుండె పనిచేయడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో సుబ్బారావు, ఫిస్కె కలిసి వెలికితీశారు. ఒకే కాలేజీలో ఒకరు షుగర్ పేషంట్ల చావుల లెక్క రాస్తుంటే, పరాయి దేశానికి పొట్ట చేతబట్టుకుని వచ్చిన మనవాడొకరు గుండె కొట్టుకునే శక్తి గుట్టు విప్పారన్నమాట. 1948లో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు గుండెపోటుతోనే కన్నుమూశారు.

కోమా పోయింది, గుండె జబ్బు వచ్చింది

ఇన్సులిన్ రాగానే షుగర్ జబ్బు ఓడిపోయిందని ప్రపంచమంతా పండగ చేసుకుంది. జోస్లిన్ కూడా సంతోషించారు. కానీ ఆయన పద్దు రాయడం ఆపలేదు. అక్కడే అసలు సంగతి బయటపడింది.

1914కు ముందు ఆయన పేషంట్లలో చనిపోయినవాళ్లను చూస్తే, వందలో అరవైకి పైగా కోమాతోనే పోయారు. ఇన్సులిన్ వచ్చాక ఆ లెక్క పడిపోతూ వచ్చి, 1940ల నాటికి వందలో ఐదుకు లోపే మిగిలింది. మరి మిగతావాళ్లు? గుండె, రక్తనాళాలు, కిడ్నీల జబ్బులతో పోయేవాళ్ల లెక్క ఏటేటా పెరిగి సగం దాటింది. షుగర్‌తో చావని మనిషి, షుగర్ తెచ్చిపెట్టిన గుండె జబ్బుతో పోతున్నాడు. ఈ లెక్కలు తేల్చడానికి మెట్రోపాలిటన్ లైఫ్ అనే బీమా కంపెనీ గణాంక నిపుణులు ఆయనకు తోడ్పడ్డారు.

ఇన్సులిన్ వచ్చి ఐదేళ్లయినా కాకముందే, 1927లోనే, షుగర్ పేషంట్ల రక్తనాళాలు గట్టిపడటం మీద జోస్లిన్ వ్యాసం రాశారు. అప్పట్లో పిండి పదార్థాలు తగ్గించి కొవ్వు ఎక్కువ పెట్టేవారు. ఆ కొవ్వు మీద, ఒంట్లో పేరుకున్న కొవ్వు మీద ఆయనకు అనుమానం కలిగింది. షుగర్ పేషంటు డాక్టరు ఇకమీదట మూత్రంలో చక్కెర ఒక్కటే చూస్తే సరిపోదని, గుండెను, కాళ్లను, కళ్లను కూడా చూడాలని ఆయన పట్టుబట్టారు.

మూడు గుర్రాల బండి

జోస్లిన్ వైద్యాన్ని మూడు గుర్రాల బండితో పోల్చేవారు. ఒక గుర్రం తిండి, ఒకటి ఇన్సులిన్, ఒకటి వ్యాయామం. మూడూ కలిసి లాగితేనే బండి సాగుతుంది. మందు వేసుకుంటున్నాం కదా అని మిగతా రెంటినీ వదిలేస్తే బండి పక్కకు ఒరుగుతుంది.

ఆయన దగ్గర క్రమశిక్షణ ఎక్కువ. షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే రక్తనాళాలు పాడుకావని ఆయన గట్టి నమ్మకం. అంత కట్టడి అక్కర్లేదు, మనిషి హాయిగా ఉంటే చాలు అని వాదించిన డాక్టర్లూ అప్పట్లో చాలామంది ఉన్నారు. ఈ తగాదా ఆయన బతికుండగా తేలలేదు. ఆయన కట్టడి కొందరు పేషంట్లకు భారంగా, తప్పు చేసినట్టుగా కూడా అనిపించేదన్నది నిజమే.

అయితే ఆయన పేషంట్లకు దండనే కాదు, బహుమతి కూడా ఇచ్చేవారు. 25 ఏళ్లు ఇన్సులిన్ మీద బతికి, కళ్లూ రక్తనాళాలూ దెబ్బతినకుండా నిలిచినవాళ్లకు 1940ల చివర్లో మెడల్ ఇవ్వడం మొదలుపెట్టారు. షుగర్ నంబరు తగ్గించినందుకు కాకుండా, శరీరం నిలబడినందుకు ఇచ్చిన మెడల్ అది. ఆయన దృష్టి ఎక్కడ ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

1946-47లో ఆయన సొంతూరు ఆక్స్‌ఫర్డ్‌లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఇంటింటికీ వెళ్లి షుగర్ పరీక్షలు చేసింది. 70 మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. వారిలో 40 మందికి ముందే తెలుసు. మిగతా 30 మందికి తమకు జబ్బున్న సంగతే తెలియదు. తనకేం లేదనుకుని తిరిగే మనిషి రక్తనాళాలు లోపల్లోపలే పాడవుతాయన్నది ఊరంతటికీ అర్థమైంది.

1962 జనవరి 28న, 92 ఏళ్ల వయసులో, జోస్లిన్ నిద్రలోనే కన్నుమూశారు. చివరి రోజుల దాకా పేషంట్లను చూస్తూనే ఉన్నారు. బోస్టన్‌లో ఆయన పేరు మీద వెలసిన క్లినిక్ ప్రపంచంలోనే పేరున్న షుగర్ ఆసుపత్రి అయింది.

ఆయన పోయాక తేలిన లెక్క

జోస్లిన్ చివరి ఏళ్లలో కొత్త కాలం మొదలైంది. సూది బదులు గోళీ వచ్చింది. సల్ఫోనైల్ యూరియా జాతికి చెందిన టాల్బుటమైడ్ అనే గోళీ 1957లో అమెరికా మార్కెట్లోకి దిగింది. లక్షల మంది వేసుకున్నారు. షుగర్ తగ్గింది. అందరూ సంతోషించారు. కానీ గుండె లెక్క ఎవరూ అడగలేదు.

ఆ లెక్క అడిగిన పరిశోధన 1961లో పేషంట్లను చేర్చుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలోని 12 క్లినిక్‌లలో వెయ్యి మందికి పైగా షుగర్ పేషంట్లకు వేర్వేరు మందులిచ్చి ఏళ్ల తరబడి చూశారు. ఒక వర్గానికి మందు లేని ఉత్త గోళీ ఇచ్చారు. 1970లో ఫలితాలు అచ్చయ్యాయి. ఉత్త గోళీ వేసుకున్న 205 మందిలో 10 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోతే, టాల్బుటమైడ్ వేసుకున్న 204 మందిలో 26 మంది పోయారు. షుగర్ తగ్గించే మందే గుండెకు చేటు చేసిందా? డాక్టర్లంతా ఉలిక్కిపడ్డారు.

చిత్రమేమంటే, ఈ ఫలితాలను ఒప్పుకోం అంటూ ముందుండి పోరాడినవాళ్లలో జోస్లిన్ క్లినిక్ పెద్ద డాక్టరు కూడా ఉన్నారు. పేషంట్లను వర్గాలుగా పంచడంలోనే తేడా వచ్చిందని, గుండె జబ్బు ముందే ఉన్నవాళ్లు ఒకవైపు ఎక్కువ చేరారని వాళ్ల వాదన. ఆ వాదనలో కొంత పస లేకపోలేదు. గొడవ కోర్టులకెక్కి, చివరికి అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. మందు పెట్టెల మీద గుండె హెచ్చరిక అచ్చు వేయడానికి 1984 దాకా పట్టింది. ప్రతి చావుకూ కారణం రాసి పెట్టిన మనిషి పేరు మోస్తున్న చోటే, చావుల లెక్క మీద తగాదా నడిచింది. ఆ పరిశోధన తప్పో ఒప్పో అన్నది పక్కన పెడితే, గోళీ ఇచ్చేముందు గుండె లెక్క అడగాలన్నది మాత్రం జోస్లిన్ దారే.

అడగకపోతే ఏమవుతుందో 2007లో మళ్లీ తెలిసొచ్చింది. రోసిగ్లిటజోన్ అనే గోళీ 1999 నుంచి అమెరికాలో బాగా అమ్ముడుపోయింది. క్లీవ్‌లాండ్‌కు చెందిన గుండె డాక్టరు స్టీవెన్ నిసెన్ 42 ట్రయల్స్ లెక్కలు కలిపి చూసి, ఆ మందు వేసుకున్నవాళ్లలో గుండెపోటు ముప్పు 43 శాతం ఎక్కువని చెప్పారు. 2010లో యూరప్ దాన్ని మార్కెట్లోంచి తీసేసింది. అదే ఏడాది మన దేశం కూడా నిషేధించింది. తర్వాత మరోసారి లెక్కలు సరిచూసి, అనుకున్నంత ముప్పు కనబడలేదని 2013లో అమెరికా ఆంక్షలు సడలించింది. అయితే ఈ లోపు ఒక మంచి జరిగింది. కొత్త షుగర్ మందు ఏదొచ్చినా గుండెకు అదనపు ముప్పు తేవడం లేదని నిరూపించాలని 2008 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ షరతు పెట్టింది.

ఆ షరతు వల్లే అనుకోని మేలు జరిగింది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందును గుండె జబ్బు ఉన్న 7 వేల మంది షుగర్ పేషంట్ల మీద పరీక్షిస్తే, 2015లో వచ్చిన ఫలితం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మూడేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు ఉత్త గోళీ వర్గంలో వందకు 5.9 మంది అయితే, మందు వర్గంలో 3.7 మందే. షుగర్ మందు గుండెను కాపాడుతుందని అంత స్పష్టంగా కనబడింది.

మరి జోస్లిన్ కట్టడి నమ్మకం సంగతి? చిన్న వయసులో వచ్చే షుగర్‌లో గట్టి అదుపు కళ్లను, కిడ్నీలను కాపాడుతుందని 1993లో రుజువైంది. అదే పేషంట్లకు గుండె జబ్బులు కూడా తగ్గాయని 2005లో తేలింది. కానీ గుండె ముప్పు ఎక్కువున్న నడివయసు, పెద్ద వయసు పేషంట్లలో షుగర్‌ను మరీ కిందికి తేవాలని చూసిన ఒక పెద్ద ట్రయల్‌లో చావులు పెరిగాయి. దాంతో 2008లో ఆ ప్రయత్నం మధ్యలోనే ఆపేశారు. అంటే జోస్లిన్ చాలావరకు ఒప్పే, కానీ అందరికీ ఒకే కొలత పనికిరాదు.

మన డబ్బాలో ఉన్న గోళీలు

ఇప్పుడు మన పొట్లం విప్పి చూద్దాం. డబ్బా మీద కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. చూడాల్సింది ఆ చిన్న అక్షరాలే.

మెట్‌ఫార్మిన్: ఎక్కువమంది వేసుకునేది ఇదే. గుండెకు చేటు చేస్తుందన్న భయం అక్కర్లేదు. లావుగా ఉన్న షుగర్ పేషంట్లలో గుండెపోట్లు తగ్గించిందని 1998లో బ్రిటన్ పరిశోధన చెప్పింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. అందుకే కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

గ్లిమిపిరైడ్: టాల్బుటమైడ్ జాతిదే. 2019లో ముగిసిన పెద్ద ట్రయల్‌లో, గుండెకు హాని లేని లినాగ్లిప్టిన్‌తో పోల్చి చూస్తే దీనితోనూ గుండె ముప్పు పెరగలేదు. కానీ షుగర్ ఒక్కసారిగా పడిపోవడం మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఎండలో పనిచేసేవాళ్లు, ఎత్తు మీద పనిచేసేవాళ్లు, డ్రైవర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే ఎండ వల్లేననుకోకుండా వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి. ఈ గోళీ వేసుకుని తిండి మానకూడదు.

పయోగ్లిటజోన్: మన దగ్గర మూడు మందులు కలిపిన గోళీల్లో ఇది కనిపిస్తుంది. ఒంట్లో నీరు పట్టేలా చేస్తుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రమాదం. పాదాలు వాచినా, ఉన్నట్టుండి బరువు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి.

గ్లిప్టిన్లు: వీటిలో సిటాగ్లిప్టిన్ గుండెకు మేలూ కీడూ చేయదని 2015లో తేలింది. సాక్సాగ్లిప్టిన్‌తో మాత్రం గుండె బలహీనపడి ఆసుపత్రి పాలైనవాళ్లు కొంత ఎక్కువని 2013లో కనబడింది.

ఎంపాగ్లిఫ్లోజిన్, డపాగ్లిఫ్లోజిన్: గుండె బలహీనపడకుండా కాపాడేవి ఇవి. కానీ చక్కెరను మూత్రంలో పంపేస్తాయి, దాంతో ఒంట్లో నీరు కూడా పోతుంది. గల్ఫ్ ఎండలో నీళ్లు తక్కువ తాగితే కళ్లు తిరుగుతాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఉపవాసం ఉండేటప్పుడు ఏం చేయాలో డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోవాలి. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం కలిసి వస్తే షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా ఆసుపత్రికి పోవాలి.

ఇంకో సంగతి. ఊరి డాక్టరు రాసిన గోళీ, ఇక్కడి క్లినిక్‌లో ఇచ్చిన గోళీ పేర్లు వేరుగా ఉన్నా లోపలి మందు ఒకటే కావచ్చు. తెలియక రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా డబ్బాలన్నీ పట్టుకెళ్లి చూపించాలి. ఏ గోళీ అయినా మనంతట మనం మానేయకూడదు. అనుమానం ఉంటే అడగాలి. నా గుండెకు ఇది సరిపోతుందా అని అడగడం డాక్టర్ని అవమానించడం కాదు.

షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు వచ్చినా ఒక్కోసారి ఛాతీ నొప్పి రాదు. ఊరికే ఆయాసం, చల్లని చెమట, చెప్పలేనంత నీరసం, దవడలోనో చేతిలోనో లాగినట్టు ఉండటం... అంతే. గ్యాస్ అనుకుని డ్యూటీకి పోవద్దు. బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవడం, సిగరెట్ మానేయడం కూడా గోళీ అంత ముఖ్యం.

ఒక చిన్న నోటు పుస్తకం

జోస్లిన్ దగ్గర పెద్ద మిషన్లు లేవు. ఒక పుస్తకం, ఒక కలం, వదలని ఓపిక. వాటితోనే ఆయన ప్రపంచానికి తెలియని సంగతి కనిపెట్టారు. మన ఓవర్‌టైం గంటలు, ఇంటికి పంపిన డబ్బులు మనం పైసాతో సహా రాసుకుంటాం. అదే పుస్తకంలో వెనక పేజీ తిప్పి, వేసుకునే గోళీల అసలు పేర్లు, షుగర్, బీపీ నంబర్లు, కిడ్నీ పరీక్ష తేదీ రాసుకుంటే చాలు. ఎక్కడ ఏ డాక్టరు చూసినా మన కథంతా అందులో తెలుస్తుంది.

ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లకు మనం పంపే డబ్బుతో పాటు మనమూ కావాలి. సెలవు మీద వెళ్లినప్పుడు షుగర్ పరీక్ష ఒక్కటే కాకుండా, ఒక పూట కేటాయించి గుండెను కూడా చూపించుకుని రండి.